నాన్నగారి మందుల సంచిలో రెండు వైద్యాలు

ప్రశ్న: మా నాన్నగారి వయసు 64, సొంత ఊరు రాజంపేట, శాకాహారి. చైనాలోని షెన్‌జెన్‌లో ఉద్యోగం చేస్తున్న మా దగ్గరికి వచ్చినప్పుడు గుండెపోటు వచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, కొలెస్టరాల్ మాత్ర ఇచ్చారు. వాటితో పాటు టోంగ్‌షిన్‌లువో అనే చైనా క్యాప్సూళ్లు, చిన్న చిన్న సంచుల్లో నింపిన కషాయం కూడా ఇచ్చారు. షుగరుకు ఆయన ముందు నుంచీ మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. పక్కింటి పెద్దాయన మంచివని షియావ్‌కె మాత్రలు ఒక సీసా ఇచ్చారు. వచ్చే నెల నాన్నగారు ఇంటికి వెళ్తారు. రెండు వైద్యాలూ ఇలా కలిపి వాడవచ్చా? బంధువుల్లో కొందరు చైనా మందులన్నీ పారేయమంటున్నారు, మరికొందరు ఇంగ్లిషు మందులు ఆపేసి కషాయం ఒక్కటే చాలంటున్నారు.

సమాధానం:

ముందుగా ఈ రోజే చేయవలసినవి రెండు చెబుతాను. మిగతాది నెమ్మదిగా చదవండి.

మొదటిది, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ ఒక్క పూట కూడా తప్పకూడదు. స్టెంటు అంటే సన్నని లోహపు జాలి. దాని మీద రక్తనాళపు లోపలి పొర పరుచుకునే దాకా రక్తం అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. గడ్డకట్టిందంటే మళ్లీ గుండెపోటే, అది మొదటిదాని కంటే తీవ్రంగా ఉండవచ్చు. రక్తం గడ్డకట్టకుండా చూసే ఆ రెండు మాత్రల పనిని తాను చేస్తానని నిరూపించుకున్న కషాయం ఏదీ లేదు. కషాయమే చాలని చెబుతున్న బంధువులు ప్రేమతోనే చెబుతున్నారు, కానీ ఈ ఒక్క విషయంలో వారి మాట వినకండి.

రెండవది, పక్కింటి పెద్దాయన ఇచ్చిన సీసా. షియావ్‌కె అన్నది చైనా వైద్యంలో మనిషి చిక్కిపోతూ దాహంతో అలమటించే జబ్బుకు పాత పేరు. మనం ఇప్పుడు షుగరు అంటున్నదానికి దగ్గరి లక్షణాలే. ఆ మాత్రల్లో మూలికలు ఉన్నమాట నిజమే. వాటితో పాటు గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లిషు మందు కూడా ఉంటుంది. మన దగ్గర డయోనిల్ పేరుతో అమ్మేది అదే. ఇది కల్తీ కాదు, అనుమతి పొందిన తయారీ విధానంలోనే ఉంది. ఒక్కో చిన్న మాత్రలో 0.25 మిల్లీగ్రాములు. పూటకు పది మాత్రలు వేసుకుంటే 2.5 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినట్టు. మీ నాన్నగారు ఇప్పటికే గ్లిమిపిరైడ్ వాడుతున్నారు. రెండూ ఒకే జాతి మందులు, రెండూ ఇన్సులిన్‌ను పిండి రక్తంలోకి పంపేవే. అరవై దాటిన మనిషి ఈ రెండూ వేసుకుని రాత్రి సరిగా భోజనం చేయకుండా పడుకుంటే, తెల్లవారేసరికి చెమటలు పట్టి స్పృహ లేకుండా పడి ఉండవచ్చు. గుండెకు ఇప్పుడే దెబ్బ తగిలిన మనిషికి షుగరు అలా పడిపోవడం మరీ ప్రమాదం. ఆ సీసాను పక్కన పెట్టండి. ఆయన ఇప్పటికే వేసుకుని ఉంటే, ఎన్ని రోజులు, పూటకు ఎన్ని వేసుకున్నారో ఆసుపత్రికి ఫోను చేసి చెప్పండి. రెండు మూడు రోజులు పడుకునే ముందు షుగరు పరీక్ష చేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. నేను టియాంజిన్‌లో ఎంబీబీఎస్ చదివాను. అక్కడ విదేశీ విద్యార్థులకు కూడా చైనా వైద్యం ఒక పాఠ్యాంశం. తిరిగి వచ్చి ఇక్కడి అర్హత పరీక్ష రాసి, పన్నెండేళ్లుగా తిరుపతిలో జనరల్ ఫిజీషియన్‌గా ఉన్నాను. అక్కడి పెట్టెల మీది అక్షరాలు చదవగలను కాబట్టి, చైనాలో చదువుకుంటున్న పిల్లలు, ఉద్యోగాలు చేస్తున్నవారు పంపిన మందులు మా ఊళ్లో చివరికి నా బల్ల మీదికే వస్తాయి. అందుకే మీ ప్రశ్నకు ఇంత పొడుగున రాస్తున్నాను.

కలిపి వాడవచ్చా అన్నదానికి అవును, కాదు అన్న రెండు మాటల్లో జవాబు లేదు. చైనాలో ఈ కలయిక ఎక్కడ ఫలించింది, ఎక్కడ ప్రాణాల మీదికి తెచ్చింది అని చూస్తే నాకు ఒక్కటే తేడా కనబడింది. పాత వైద్యం దారి చూపి, కొత్త వైద్యం దాన్ని తూచి, కొలిచి, పరీక్షించిన చోట మంచి జరిగింది. రెండూ ఒకదానికొకటి తెలియకుండా ఒకే ఒంట్లో చేరిన చోట చెడు జరిగింది.

ఈ కలయిక నిన్న మొన్నటిది కాదు. టియాంజిన్‌లో జాంగ్ షీచున్ అనే పెద్ద వైద్యుడు ఉండేవారు. 1860లో పుట్టి 1933లో పోయారు. పూర్తిగా సంప్రదాయ వైద్యంలో పెరిగిన మనిషి. అయినా జ్వరానికి జిప్సం కషాయంతో పాటు ఆస్పిరిన్ ఇచ్చి, ఆ విషయాన్ని తన గ్రంథంలో దాచకుండా రాశారు. ఆ జిప్సం మన ఆయుర్వేదంలో గోదంతి అనే రాయే. ఆ తర్వాత 1950 దశకంలో డాక్టర్లు చాలక, పల్లెలకు వైద్యం అందక, ప్రభుత్వమే రెండు వైద్యాలనూ ఒక గొడుగు కిందికి తెచ్చింది. 1955 డిసెంబరులో బీజింగ్‌లో సంప్రదాయ వైద్య అకాడమీ పెట్టారు. ఇంగ్లిషు వైద్యం చదివినవారిని పనిలోంచి తప్పించి రెండేళ్లు, రెండున్నరేళ్లు చైనా వైద్యం నేర్పించారు. ఆ తరగతుల్లో కూర్చున్న ఒక ఫార్మసీ పట్టభద్రురాలి గురించి కాసేపట్లో చెబుతాను.

అంతకంటే ముందు ఎముకల సంగతి, ఎందుకంటే అది మన జిల్లాలవారికి వెంటనే అర్థమవుతుంది. పుత్తూరు కట్టు తెలియని ఇల్లు మన వైపు ఉండదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, పైన వెదురు బద్దలు. చైనాలోనూ ఎముకలు కట్టేవారి పరంపర ఇలాంటిదే. అక్కడ వాడింది విల్లో చెట్టు చెక్క బద్దలు. టియాంజిన్‌లో ఫాంగ్ షియాన్‌జి అనే ఎముకల సర్జన్ ఉండేవారు. అమెరికాలో కూడా శిక్షణ పొందినవారు. ఆయన, ఆయన సహచరుడు షాంగ్ టియాన్‌యూ కలిసి 1950ల చివర్లో ఆ కట్టువారి దగ్గర కూర్చుని చూశారు. ఇంగ్లిషు వైద్యం అప్పట్లో విరిగిన చోటికి పైన ఒక కీలు, కింద ఒక కీలు కదలకుండా పిండికట్టు వేసేది. ఎముక అతికేది కానీ కీలు బిగుసుకుపోయేది. కట్టువారు కీళ్లను వదిలేసి విరిగిన చోట మాత్రమే బద్దలు కట్టేవారు. రోగి వేళ్లు ఆడించేవాడు, తొందరగా పనిలోకి వెళ్లేవాడు. కానీ లోపల ఎముక సరిగా కూర్చుందా లేదా అన్నది వేళ్ల స్పర్శకు తెలిసినంతే.

వాళ్లు ఎక్స్‌రేను తెచ్చి ఆ కట్టు పక్కన పెట్టారు. ఏ విరుపుకు ఎక్కడ ఒత్తు పెడితే ఎముక పక్కకు జారదో చూసి, బద్దల కింద కాగితపు మెత్తలు పెట్టే పద్ధతి ఏర్పరిచారు. బిగువుకు కూడా కొలత పెట్టారు. కట్టిన పట్టీని వేలితో జరిపితే అటు ఒక సెంటీమీటరు, ఇటు ఒక సెంటీమీటరు కదలాలి. కదలకపోతే బిగువు ఎక్కువైనట్టు, అంతకంటే ఎక్కువ కదిలితే వదులైనట్టు. చదువుకునే రోజుల్లో ఒక సీనియర్ డాక్టరు నా చూపుడు వేలు పట్టుకుని ఒక ముసలమ్మ మణికట్టు మీది పట్టీని జరిపించి చూపించారు. ఆ ఒక్క సెంటీమీటరే చేతిని కాపాడుతుంది. బిగువైన కట్టు కింద రక్తం ఆగి వేళ్లు నల్లబడటం ఎంత సులభమో ఏ డాక్టరును అడిగినా చెబుతారు. కట్టువారి చేతి నేర్పును వాళ్లు తీసిపారేయలేదు, అలాగని గుడ్డిగా నెత్తిన పెట్టుకోలేదు. కలపడం అంటే ఇదని నాకు మొదటిసారి అర్థమైంది ఆ మణికట్టు దగ్గరే.

అదే ఊళ్లో నాన్‌కై ఆసుపత్రిలో వూ షియాన్‌జోంగ్ అనే సర్జన్ 1960ల నుంచి పేగు మెలిక, క్లోమం వాపు వంటి కడుపు అత్యవసరాల్లో రేవల్చిన్ని ప్రధానంగా ఉన్న పాత కషాయాన్ని ఉపయోగించారు. ఎవరికి కత్తి తప్పదో, ఎవరిని కొన్ని గంటలు కనిపెట్టి చూడవచ్చో ముందే వేరు చేయడం అక్కడ అసలు విద్య. కషాయం ఇచ్చి ఊరుకోవడం కాదు, పక్కన ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచుకుని ఇవ్వడం.

ఇప్పుడు ఆ ఫార్మసీ పట్టభద్రురాలు. ఆమె పేరు టూ యూయూ. 1967 మే 23న మొదలైనందువల్ల 523 అని పేరు పడిన రహస్య మలేరియా పథకంలోకి ఆమెను 1969లో తీసుకున్నారు. పాత గ్రంథాల్లో జ్వరాలకు చెప్పిన మూలికలన్నీ వెతికారు. చింగ్‌హావ్ అనే మాచిపత్రి జాతి మొక్క రసం ఒకసారి పనిచేసేది, మరోసారి పనిచేసేది కాదు. నాలుగో శతాబ్దపు గె హోంగ్ అనే వైద్యుడు ఒక గుప్పెడు చింగ్‌హావ్‌ను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని రాశాడు. కాచమనలేదు. అంటే వేడికి అందులోని గుణం పోతోందా అని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరు 4న, 191వ నమూనాతో, ఎలుకల్లో మలేరియా పూర్తిగా అదుపులోకి వచ్చింది. మనుషులకు ఇచ్చే ముందు ఆమె, సహచరులు తమ మీదే ప్రయోగించుకుని చూశారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. పాడేరు, అరకు ఏజెన్సీలో ఫాల్సిపారం మలేరియాకు ఆరోగ్య కార్యకర్తలు ఇచ్చే మాత్రల్లో ఉన్న ఆర్టిసునేట్ ఆ మొక్క నుంచి వచ్చిందే. కానీ గమనించండి, ఆ గుప్పెడు ఆకును అలాగే నానబెట్టి తాగిస్తే ఈ రోజు ఏ డాక్టరూ ఒప్పుకోడు. పుస్తకం చూపింది దారి మాత్రమే. మోతాదు తేల్చింది ప్రయోగశాల. పైగా పరాన్నజీవి మొండికెత్తకుండా దాన్ని మరో మందుతో జతచేసే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కదిలించింది పాషాణం, అంటే ఆర్సెనిక్, కథ. మన పాతవాళ్లకు పాషాణం అంటే విషం, అంతే. చైనా ఈశాన్యాన హార్బిన్ ప్రాంతంలో ఒక పల్లె వైద్యుడి మందు పుండ్లకు, కణితులకు పనిచేస్తోందని 1970ల మొదట్లో కబురు వచ్చింది. అందులో పాషాణం, పాదరసపు ఉప్పు, కప్ప విషం ఉన్నాయి. హాన్ యూ అనే ఫార్మసిస్టు దాన్ని ఇంజెక్షన్‌గా మార్చాడు. జాంగ్ టింగ్‌డోంగ్ అనే డాక్టరు రోగులను చూశాడు. మూడింటిలో పనిచేస్తున్నది ఏది, చంపుతున్నది ఏది అని ఒక్కొక్కటే విడదీశారు. చివరికి మిగిలింది పాషాణమే. రక్త క్యాన్సర్లలో ఒక రకం ఉంది, అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా అంటారు. చిగుళ్ల నుంచి, మెదడులో రక్తస్రావమై రోజుల్లో మనిషి పోయే జబ్బు. దాని మీద ఈ మందు అద్భుతంగా పనిచేసింది. మరోవైపు షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే డాక్టరు 1985లో ఐదేళ్ల పాపకు విటమిన్ ఎ నుంచి చేసిన మందు ఇచ్చి అదే జబ్బును లొంగదీశారు. రెండింటినీ కలిపితే ఏమవుతుందో ఐరోపా డాక్టర్లు పరీక్షించి 2013లో ప్రకటించారు. ప్రమాదం మరీ ఎక్కువగా లేని రోగుల్లో, కీమోథెరపీ లేకుండానే, రెండేళ్ల తర్వాత 97 శాతం మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు.

మనవాళ్లు ఎంతోమంది రైలెక్కి వెళ్లే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ విక్రమ్ మాథ్యూస్ బృందం 1998 నుంచే పాషాణాన్ని ఒంటరిగా వాడి చూసింది. ఖరీదైన మందులు కొనలేని మన రోగులకు అది పెద్ద ఆసరా. 2006లో వారు ప్రకటించిన 72 మందిలో 86 శాతం మందికి జబ్బు పూర్తిగా అణిగింది. కానీ ఆ వార్డులో పాషాణం ఎక్కించే తీరు చూడాలి. కిలోల బరువుకు తగ్గ మిల్లీగ్రాములు, మాటిమాటికీ ఈసీజీ, రక్తంలో పొటాషియం, మెగ్నీషియం తగ్గకుండా చూడటం. ఇవేవీ లేకపోతే అదే పదార్థం గుండె లయ తప్పించి చంపుతుంది. విషాన్ని మందు చేసింది ఆ ఈసీజీ కాగితం కూడా.

మీ నాన్నగారి క్యాప్సూళ్లకు వద్దాం. టోంగ్‌షిన్‌లువో మీద గట్టి పరీక్షే జరిగింది. తీవ్రమైన గుండెపోటుతో చైనాలోని 124 ఆసుపత్రుల్లో చేరిన 3,777 మందిని రెండుగా చేశారు. అందరికీ స్టెంటు, మాత్రలు వంటి మామూలు చికిత్స పూర్తిగా జరిగింది. దాని పైన సగం మందికి ఈ క్యాప్సూళ్లు, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తి క్యాప్సూళ్లు ఏడాది పాటు ఇచ్చారు. ఎవరిది ఏదో డాక్టరుకూ తెలియదు, రోగికీ తెలియదు. నెల తిరిగేసరికి మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి ఉత్తి క్యాప్సూళ్ల వైపు 5.2 శాతం, మందు వైపు 3.4 శాతం. ఏడాదికి 8.3, 5.3. తీవ్ర రక్తస్రావం పెరగలేదు, కడుపులో ఇబ్బందులు కొంత ఎక్కువ. 2023 అక్టోబరులో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. నేను దీన్ని గౌరవిస్తాను. ఎలా పనిచేస్తుందన్నది ఇంకా తేలలేదు, ఇతర దేశాల రోగుల మీదా ఇలాగే ఉంటుందో చూడాలి. కానీ మీ డాక్టరు చేసింది మూఢనమ్మకం కాదు, ఆధారం ఉన్న పనే. ఆ ఆధారం చెబుతున్నది కూడా స్టెంటు మాత్రల పైన కలిపి ఇచ్చినప్పటి సంగతే, వాటి బదులు ఇచ్చినప్పటిది కాదు.

కషాయం సంగతి వేరు. చైనా ఆసుపత్రి మందుల గదిలో గోడంతా చెక్క సొరుగులు ఉంటాయి. నేను చూసిన చోట ఒకామె చిన్న త్రాసుతో వేర్లు, బెరడు, పువ్వులు తూచి ఏడు కాగితాల మీద ఏడు కుప్పలు పోసేది, ఏడు రోజులకు. ఆ గది వాసన, పచారీ కొట్టులో శొంఠి, వాము డబ్బాలు ఒకేసారి మూత తీసినట్టు ఉంటుంది. తర్వాత యంత్రంలో కాచి, గాలి చొరకుండా సంచుల్లో నింపుతారు. అసలు విషయం ఏమిటంటే ఏడు రోజులకో, పద్నాలుగు రోజులకో వైద్యుడు మళ్లీ నాడి, నాలుక చూసి ఆ కూర్పును మారుస్తాడు. అంటే అది నెలల తరబడి గుడ్డిగా తాగడానికి చేసినది కాదు. టోంగ్‌షిన్‌లువో లాంటి పెద్ద పరీక్ష మీ నాన్నగారి కోసం అమర్చిన ఆ కషాయం మీద జరగడం సాధ్యం కూడా కాదు. ప్రయాణానికి ముందే ఆ వైద్యుడిని కలిసి దాన్ని ముగించడం మంచిదని నా అభిప్రాయం. అప్పటి దాకా తాగుతుంటే చీటీలో రెండు పేర్లు వెతకండి. ఒకటి దాన్‌షెన్ అనే వేరు, ఇంకొకటి గాన్‌సావ్. గాన్‌సావ్ అంటే మన అతిమధురమే. చాలా చైనా కషాయాల్లో ఉంటుంది. ఎక్కువ రోజులు ఎక్కువ మోతాదులో వెళితే ఒంట్లో ఉప్పు నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. గుండె రోగికి రెండూ మంచివి కావు.

దాన్‌షెన్ గురించి నేను కళ్లారా చూసినది చెప్పాలి. నలభై ఏళ్ల ఒక అమ్మ, గుండెలో లోహపు కవాటం వేయించుకున్న మనిషి, నా దగ్గరికి వచ్చింది. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర ఏళ్ల తరబడి సక్రమంగా వాడుతోంది. ఆ రోజు బ్రష్ చేస్తే రక్తం ఆగడం లేదంది. మోకాలి కింద అరచేతి వెడల్పున కమిలి నల్లబడింది. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ మూడు దగ్గర ఉండాల్సింది, ఏడు దాటింది. కొత్త మందులేమైనా వాడుతున్నావా అమ్మా అని మూడుసార్లు అడిగాను. లేదంది. అబద్ధం చెప్పలేదు ఆమె. చివరికి ఇంట్లో రోజూ మింగేవన్నీ తెమ్మంటే కూతురు వెళ్లి ఒక గుడ్డ సంచి తెచ్చింది. అందులో గోధుమరంగు మాత్రల సీసా, పైన చైనా అక్షరాల్లో దాన్‌షెన్ అని. చైనాలో డాక్టరు చదువుతున్న మేనల్లుడు సెలవులకు వచ్చినప్పుడు గుండెకు మంచిదని ఇచ్చాడట. అది ఆకుల మందు కదండీ, మందు కాదు కదా అంది. దాన్‌షెన్ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుందని ఎన్నో కేసుల్లో నమోదైంది. వార్ఫరిన్ ఆపి, విటమిన్ కె ఇచ్చి, నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉన్నాం. ఆమె క్షేమంగా ఇంటికి వెళ్లింది. ఆ పిల్లవాడి మీద నాకు కోపం రాలేదు, అత్త మీద ప్రేమతో తెచ్చాడు. అయితే ఆ రోజు నుంచి నేను మందులేమైనా వాడుతున్నారా అని అడగడం మానేశాను. నోట్లోకి ఏమేం వెళ్తున్నాయి, అన్నీ బల్ల మీద పెట్టండి అంటాను.

మీ నాన్నగారు వార్ఫరిన్ మీద లేరు. కానీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిసి రక్తం గడ్డకట్టే గుణాన్ని ముందే తగ్గించి ఉంచాయి. కషాయంలో దాన్‌షెన్ ఉంటే మలం తారులా నల్లగా వస్తోందా, చిగుళ్లు కారుతున్నాయా అని గమనిస్తూ ఉండాలి. కనబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లే దాకా కషాయం వద్దు. స్టెంటు మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి, అది డాక్టరు తేల్చాల్సిన విషయం.

ప్రకృతి సహజం కాబట్టి హాని ఉండదనే మాట వింటే నాకు బాధ కలుగుతుంది. జపాన్‌లో కాలేయ రోగులకు షో-సైకో-టో అనే పాత కషాయం ఇచ్చేవారు, ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షనూ ఇచ్చేవారు. రెండూ వాడుకలో ఉన్నవే. కలిపి వాడినవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే న్యుమోనియా వచ్చింది. 1994లో ఆ జంటను నిషేధించారు. ఆ తర్వాత కూడా ఆ కషాయం వాడినవారిలో పదిమంది పోయారని 1996లో ప్రభుత్వం అత్యవసర హెచ్చరిక చేసింది. బెల్జియంలో 1990ల మొదట్లో బరువు తగ్గడానికి వెళ్లిన ఆడవాళ్లకు, చైనా పేర్లు దగ్గరగా ఉన్నందువల్ల, ఒక మూలిక బదులు అరిస్టలోకియా జాతి మూలిక కలిసిన మాత్రలు అందాయి. వంద మందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ తేలింది. మన ఈశ్వరి వేరు, గాడిదగడపాకు ఆ జాతివే. ఇంట్లో ఎవరైనా నూరి తాగుతుంటే ఈ మాట దయచేసి చెప్పండి.

ఒక్కోసారి డాక్టర్లు ఈ ప్రభావాన్ని తెలిసి వాడుకోవడమూ ఉంది. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారికి, కొత్త మూత్రపిండాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ ఖరీదైన మందు. చైనాలో కొందరికి వూజీ అనే మూలికా మందుతో కలిపి ఇస్తారు. దాని వల్ల రక్తంలో టాక్రోలిమస్ పెరుగుతుంది, కాబట్టి తక్కువ మోతాదు సరిపోతుంది. తెలియకుండా కలిస్తే అది ప్రమాదకరమైన పొరపాటు అయ్యేది. అక్కడ అది వైద్యం, ఎందుకంటే రక్తంలో మందు మట్టాన్ని కొలుస్తూ ఇస్తారు.

మీరు అక్కడే ఉంటారు కాబట్టి ఒక చిన్న ఉపయోగకరమైన సంగతి. పెట్టె మీద అనుమతి సంఖ్య ముందు ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. జెడ్ అయితే చైనా వైద్యపు మందు, హెచ్ అయితే రసాయన మందు. కానీ జెడ్ ఉంటే లోపల రసాయనం లేదని అనుకోకండి. షియావ్‌కె మీద కూడా జెడ్ అనే ఉంటుంది. జలుబుకు అందరూ కలుపుకుని తాగే గాన్‌మావ్‌లింగ్ పొడిలో పారాసెటమాల్ ఉంటుంది. దాంతో పాటు డోలో కూడా వేసుకుంటే పారాసెటమాల్ రెండింతలై కాలేయం మీద భారం పడుతుంది. హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు ఈ పొరపాటు తరచూ చేస్తారు. కూర్పు అని ఉన్న వరుసను ఫోనులో అనువదించుకుని చదవండి, రెండు నిమిషాల పని.

అంతా పారేయమంటున్న బంధువులకు టోంగ్‌షిన్‌లువో పరీక్ష గురించి చెప్పండి. కషాయమే చాలంటున్నవారికి ఇంకొక సంగతి చెప్పండి. అమెరికాలో నయం కాగల క్యాన్సర్ ఉండి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్నవారిని, మామూలు చికిత్స తీసుకున్నవారితో పోల్చి 2018లో లెక్క ప్రకటించారు. చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. జబ్బు వేరే అయినా, పని చేసే మందును మానేయడం వల్ల కలిగే నష్టం ఒక్కలాంటిదే.

బయలుదేరే ముందు ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కాగితం, స్టెంటు కార్డు, కషాయం చీటీ తీసుకోండి. చీటీలోని ప్రతి మూలిక పేరూ, బరువూ ఇంగ్లిషు అక్షరాల్లో రాయించండి. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, కాలేయ పరీక్ష అక్కడే ఒకసారి చేయించి, ఇక్కడికి వచ్చిన నాలుగు వారాలకు మళ్లీ చేయించండి. మొదటి వారంలోనే ఇక్కడి గుండె డాక్టరుకు అన్ని పెట్టెలూ చూపించండి. చైనా మందులని దాచకండి, ఆయన కోప్పడతారేమో అని భయపడకండి. టోంగ్‌షిన్‌లువో కొనసాగించాలని ఆయన ఒప్పుకుంటే పరీక్షలో లాగా ఏడాది వరకు, అదీ మీరు అసలైన సరుకును క్రమంగా పంపగలిగితేనే. మధ్యలో అందకపోయినా కంగారు పడవద్దు, దాన్ని ఆపితే స్టెంటుకు వచ్చే ముప్పు క్లోపిడోగ్రెల్ ఆపితే వచ్చే ముప్పు లాంటిది కాదు. ఏదైనా ఆపరేషన్ లేదా పన్ను పీకించుకోవాల్సి వస్తే మూలికలు కనీసం రెండు వారాల ముందే ఆపాలి. స్టెంటు మాత్రల సంగతి మాత్రం గుండె డాక్టరే తేల్చాలి.

ఇంకొక్క విషయం. నాన్నగారు శాకాహారి అన్నారు. టోంగ్‌షిన్‌లువోలో జిన్‌సెంగ్, గంధపు చెక్కతో పాటు జలగ, తేలు, జెర్రి పొడి కూడా ఉంటాయి. అక్కడి డాక్టరుకు ఇది చెప్పాల్సిన విషయమని తట్టి ఉండదు. మీరు చెప్పండి. ప్రాణం కోసం కదా అని తెలియకుండా మింగించవద్దు. విన్న తర్వాత ఆయన సరేనంటే వాడండి. వద్దంటే డాక్టరుకు చెప్పి ఆపండి, మిగతా మాత్రలు యథాప్రకారం వేసుకుంటారు.